ఈలలు వేసిన హాలుకి మూడో భాగం

ఆదివారం, రాత్రి

కూరగాయలకని బయల్దేరి అబిడ్స్‌లో తేలాను. ఆదివారం అక్కడ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారని తెలిసినవాడికి కూరగాయలేం గుర్తుంటాయి. ఎంసెట్ గైడ్లు, ఇంజనీరింగ్ డ్రాయింగ్ పుస్తకాలు, అట్టలూడిన నవలలు, వాటి మధ్య ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్ మెసయ్య'. వెన్ను చీలితే ఎవరో సెల్లోటేపు వేశారు. ఆ టేపు ఎండి, పసుపెక్కి, వేలు తగిలితే చాలు పొట్టులా రాలుతోంది. కుర్రాడు నూట యాభై అన్నాడు. నేను వంద అన్నాను. "అన్నా, దీని సిన్మా వస్తున్నది, ఎరుకనా?" అన్నాడు. ఇంక బేరమాడటానికి నోరు రాలేదు, అడిగినంతా ఇచ్చేశాను.

వస్తున్న మాట నిజమే. దర్శకుడు డెనిస్ విల్నెవ్ 'డ్యూన్' సినిమాల మూడో భాగాన్ని 2026 డిసెంబర్ 18కి ప్రకటించారు. 2021లో వచ్చిన మొదటి భాగం, 2024 మార్చిలో వచ్చిన రెండో భాగం కలిపితే 1965 నాటి 'డ్యూన్' అనే ఒక్క నవల. ఈసారి తీసుకున్నది 1969లో వచ్చిన రెండో నవల. నాలాంటివాళ్ళ గుబులంతా ఇక్కడే. మొదటిదాన్ని నెత్తిన పెట్టుకున్న పాఠకుల్లో చాలామందికి రెండోది మింగుడు పడలేదు. పాఠకుల దాకా ఎందుకు, మొదటి నవలను తన పత్రికలో ధారావాహికగా వేసిన సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ దీన్ని తిప్పి పంపాడు. ఆయనకి గెలిచే వీరుడు కావాలి, హెర్బర్ట్ రాసింది గెలిచి ఓడిపోయినవాడి కథ. చివరికి అది వేరే పత్రికలో వచ్చింది.

మెట్రోలో సీటు దొరికింది, తిరగేస్తూ వచ్చాను. పాత యజమాని ఎవరోగానీ పెన్సిల్ పెద్దగా వాడలేదు. ఒక్క పేజీలో మాత్రం గీత మీద గీత గీశాడు. చక్రవర్తి అయిన పాల్ తన మనిషి స్టిల్గార్‌కి చరిత్ర పాఠం చెప్పే చోటది. చెంఘిజ్ ఖాన్ ఎంతమందిని చంపాడు, హిట్లర్ ఎంతమందిని చంపాడు అని చెప్పి, తన పేరు మీద జరిగిన యుద్ధం లెక్కకొస్తాడు: తక్కువలో తక్కువ 6,100 కోట్ల మంది, జీవం లేకుండా పోయిన గ్రహాలు తొంభై. ఈ లెక్క చెప్పేది విలన్ కాదు, మనం రెండు భాగాలుగా వెనకేసుకొచ్చిన హీరో.

మధ్యాహ్నం మా అన్నయ్య కొడుకు వచ్చాడు. డిగ్రీ చదువుతున్నాడు, పుస్తకం ముట్టలేదు, సినిమాలు మాత్రం డైలాగులతో సహా అప్పజెబుతాడు. పాల్ చక్రవర్తి అయ్యాడు కాబట్టి ఇప్పుడు గ్రహం తర్వాత గ్రహం మీద దండెత్తుతాడనీ, ఎడారిలో మనుషులెక్కి తిరిగే ఇసుక పురుగులు ఇంకా పెద్దవి ఉంటాయనీ వాడి అంచనా.

"ఒరేయ్, పుస్తకం మొదలయ్యేసరికి యుద్ధం మొదలై పన్నెండేళ్ళు. ఇందులో ఎక్కువ భాగం గదుల్లో కూర్చుని కుట్రలు పన్నడమే" అన్నాను.

"అంటే మొత్తం డైలాగులేనా బాబాయ్?" వాడి మొహం చూడాలి.

ఏ కుట్రలని మా ఆవిడ అడిగింది. సింహాసనం కోసం పాల్ పేరుకి పెళ్ళాడిన ఇరులాన్, అతను ప్రేమించిన చానీకి పిల్లలు పుట్టకుండా రహస్యంగా మందు పెడుతూ ఉంటుందని చెప్పాను. "ఇది మన ఏడున్నర సీరియల్ కదండీ" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అంతరిక్షం, జోస్యాలు, కుట్రదారుల్ని పాల్ చూపుకి అందకుండా దాచే ఓడ చోదకుడు, ఇవన్నీ చెప్పాలనుకున్నాను. వినేవాళ్ళు లేరు.

కానీ రెండో భాగాన్ని ప్రసాద్స్ పెద్ద తెర మీద చూసిన రోజు నన్ను వదలట్లేదు. పాల్ మొదటిసారి పురుగు మీద నిలబడినప్పుడు హాలంతా ఈలలు. మొదలుపెట్టిందే మావాడు. నాకూ ఒళ్ళు జలదరించింది, అందులో అబద్ధం లేదు. అయితే ఆ ఎడారి గ్రహం దక్షిణాదివాళ్ళ ముందు నిలబడి తానే వాళ్ళు ఎదురుచూసిన ప్రవక్తనని చాటుకున్నప్పుడు కూడా అవే ఈలలు, అదే హుషారు. ఆ సన్నివేశం భయపెట్టడానికి తీసింది. తల్లి అల్లించిన నమ్మకాన్ని కొడుకు వాడుకుంటున్నాడు. కెమెరా మాటిమాటికీ చానీ మొహం వైపు వెళ్తుంది, హాలు మాత్రం అటు చూడదు. హీరో చెయ్యెత్తితే లేచి నిలబడటం మనకి చిన్నప్పుడే పట్టుబడిన విద్య. హెర్బర్ట్ భయం కూడా ఇలాంటివాళ్ళ గురించే. వీరుడి వెంట కళ్ళుమూసుకుని నడిచే జనం గురించి రాస్తే, చదివినవాళ్ళూ అతని వెంటే నడిచారు. అందుకే రెండో నవలలో అంత కటువుగా మాట్లాడాడు.

అందుకని నాకున్న ఆశ ఒక్కటే: ఆ ఈలలు వేసిన హాలు ఈసారి ఇబ్బందిపడాలి.

దీనికి అసలు చిక్కు చానీ. మొదటి నవల చివర ఆమె పాల్ పక్కనే ఉంటుంది. రెండో సినిమా చివర పురుగునెక్కి ఎడారిలోకి వెళ్ళిపోయింది. విల్నెవ్ కావాలనే ఆమెని అనుమానించే మనిషిగా మార్చాడు, నాకు నచ్చిన మార్పుల్లో అదే మొదటిది. కానీ మెసయ్య కథంతా ఆమె అతని పక్కన ఉండటం మీదే నిలబడింది, పుట్టబోయే బిడ్డల మీద, ఆమెకి జరగబోయేది ముందే తెలిసిన పాల్ మౌనం మీద. వెళ్ళిపోయిన మనిషిని ఎలా తెస్తారు? పన్నెండేళ్ళు గడిచాయని అక్షరాలు వేసి, రాజీ పడినట్టు చూపించేస్తే మాత్రం నేను క్షమించను. కోపంతోనే తిరిగి రావాలి. వచ్చినా ఆ కోపం చల్లారకూడదు. చానీగా వేసిన జెండాయా మొహంలో ఆ కోపం బాగా కూర్చుంటుంది కూడా.

పాల్ చెల్లెలు ఆలియా సంగతి తేలిక. మొదటి నవలలో నాలుగేళ్ళ పిల్లగా విలన్ బారన్‌ని చంపుతుంది, సినిమాలో ఇంకా పుట్టనే లేదు. పాల్‌కి కనబడిన భవిష్యత్తులో ఒక్క క్షణం ఆలియాగా కనిపించిన అన్యా టేలర్ జాయ్‌ని చూశాక నాకు ఫిర్యాదు లేదు. మొదటి భాగంలో చచ్చిపోయిన పాల్ స్నేహితుడు డంకన్ ఐడహో తిరిగొస్తాడని చెబితే మావాడు నమ్మలేదు. లోహపు కళ్ళతో వస్తాడని చెప్పేసరికి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఇంతకుమించి చెప్పకూడదని నోరు కట్టేసుకున్నాను.

1984లో డేవిడ్ లించ్ తీసిన 'డ్యూన్' సినిమా చివర, ఆ ఎడారి గ్రహం అరాకిస్ మీద వాన కురిపిస్తాడు పాల్. నిజంగానే దేవుడన్నమాట. నీళ్ళంటే ఆ పురుగులకి విషమనీ, పురుగులు పోతే ఆ గ్రహానికి విలువ తెచ్చే మసాలా ఉండదనీ ఎవరూ అడగలేదు. లించ్ నాకు ఇష్టమైన దర్శకుడే, ఆ వాన మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. విల్నెవ్ అలా చేయడనే ధైర్యం ఉంది. కుర్రతనంలో ఈ పుస్తకాల్ని పట్టుకున్న మనిషి, మెసయ్యతోనే ముగించాలని మొదట్నించీ అంటున్నాడు. అయినా పెద్ద బడ్జెట్ ఎక్కడో అక్కడ చెయ్యి పట్టుకు లాగుతుంది. చివర్లో పాల్‌కి ఒక గెలుపు కట్టబెడదామని ఎవరో ఒకరు అనే ఉంటారు.

సాయంత్రం వెళ్ళేముందు మావాడు టికెట్ల సంగతి ఎత్తాడు. కొత్త అవెంజర్స్‌కి కూడా డిసెంబర్ 18నే ప్రకటించారట, మన సంక్రాంతి పోటీలు గుర్తొచ్చాయి. పొద్దున అది, సాయంత్రం ఇది అని ప్లాన్ వేశాడు. తల బరువెక్కకుండా ముందు మనదే చూద్దామన్నాను.

"వద్దు బాబాయ్. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఇది చూశాక ఇంకో హీరోని చూసే ఓపిక ఉండదు" అన్నాడు, బండి స్టార్ట్ చేస్తూ.