మణికట్టు ఎక్స్‌రేలో సందు కొలిచే ముందు

వానల్లో బీచ్ రోడ్డు మీద బండి జారి అరచెయ్యి నేలకానించి పడ్డవాళ్లకి, ఎక్స్‌రేలో ఎముక విరగకపోయినా ఒక అనుమానం మిగిలే ఉంటుంది: మణికట్టులో పక్కపక్కనే ఉండే రెండు చిన్న ఎముకలు, స్కాఫాయిడ్‌కీ లూనేట్‌కీ మధ్య సందు పెరిగిందా? పెద్దవాళ్లలో 2 మిల్లీమీటర్ల లోపు మామూలే. 3 దాటితే ఆ రెండింటినీ కలిపి పట్టి ఉంచే కట్టుని, అంటే లిగమెంట్‌ని అనుమానించాలి. అయితే చెయ్యి పెట్టిన తీరు మారితే ఆ అంకే మారిపోతుంది.

ఈ రెండు ఎముకలూ ఒకేలా కదలవు. చెయ్యి బొటనవేలి వైపు వంగితే స్కాఫాయిడ్ అరచేతి వైపు వాలి, ఫిల్మ్‌లో పొట్టిగా, కొస దగ్గర ఉంగరంలా కనిపిస్తుంది. బాగున్న మణికట్టులోనూ ఇంతే. ఉంగరం చూసి కంగారు పడేవాళ్లే ఎక్కువ. ముందు మూడో మెటాకార్పల్ (అరచేతిలో నడివేలి కింది ఎముక) రేడియస్‌తో (ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక) ఒకే గీతలో ఉందో లేదో చూడండి. చిటికెనవేలి వైపు వంచితే స్కాఫాయిడ్ లేచి పొడుగవుతుంది. లిగమెంట్ తెగి ఉంటే అప్పుడు సందు విచ్చుకోవచ్చు.

పీఏ ఫిల్మ్‌కి (అరచెయ్యి ప్లేటుకి ఆనించి, చేతి వెనక నుంచి తీసేది) భుజం, మోచెయ్యి, మణికట్టు ఒకే ఎత్తులో ఉండాలి. మోచెయ్యి 90 డిగ్రీలు మడవాలి. మోచెయ్యి ఒంటికి ఆనించి అరచెయ్యి బోర్లా పెట్టిస్తే ముంజేయి మెలిపడి అల్నా (ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక) పొడుగ్గా కనిపిస్తుంది. వేళ్లు కాస్త ముడిపిస్తే మణికట్టు ప్లేటుకి బాగా ఆనుతుంది. సరిగ్గా తీశారా అన్నది అల్నా కొసన ఉండే మొన, స్టైలాయిడే చెబుతుంది: అది బయటి అంచున ఉండాలి, ఎముక నడిమధ్యన కాదు.

ఇంత జాగ్రత్తగా తీసినా, చెయ్యి వదులుగా ఉన్నప్పుడు తెగిన లిగమెంట్ కూడా దొరక్కపోవచ్చు. విరగలేదని తేలాక పిడికిలి గట్టిగా బిగింపించి మరో ఫిల్మ్ తియ్యాలి. బిగించినప్పుడు మణికట్టు నడుమనున్న క్యాపిటేట్ ఎముక ముంజేతి వైపు నొక్కుకుని, దుంగలో దిగిన మేకులా స్కాఫాయిడ్‌నీ లూనేట్‌నీ విడదీస్తుంది. నొప్పికి సగమే బిగిస్తే ఆ ఫిల్మ్ దండగ. రెండు చేతుల్తోనూ పెన్సిల్ బిగించి పట్టించి, ఒకే ప్లేటు మీద తీస్తే పోలిక కూడా దొరుకుతుంది. కొందరికి పుట్టుకతోనే రెండు వైపులా సందు ఎక్కువ.

పక్క ఫిల్మ్‌లో ఆ రెండు ఎముకల మధ్య కోణం మామూలుగా 30 నుంచి 60 డిగ్రీలు. మణికట్టు వెనక్కి వంగి ఉంటే లూనేటూ వెనక్కే వాలుతుంది, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది.

చిన్నపిల్లలకి ఈ కొలతలు వాడకండి. వాళ్ల ఎముకల అంచులింకా మృదులాస్థే. అది ఎక్స్‌రేలో పడదు కాబట్టి సందు వెడల్పుగానే ఉంటుంది.