పదహారు గళ్లకు 429 కోట్ల స్థితులు

సెలవులకు అమలాపురం వచ్చినా హబ్బర్డ్ నమూనా (పదార్థంలోని ఎలక్ట్రాన్లను గళ్ల మీద దూకే రేణువులుగా చూసే లెక్క) నన్ను వదల్లేదు. 1963 నాటి ఈ నమూనాలో ఉన్నవి రెండే: ఎలక్ట్రాన్ పక్క గడికి దూకే బలం టి, ఒకే గడిలో రెండు చేరితే పడే వికర్షణ యు. ఎలక్ట్రాన్‌కు స్పిన్ అని చిన్న అయస్కాంతం లాంటి గుణం ఉంటుంది, పైకో కిందికో. ఖాళీ, పై స్పిన్, కింది స్పిన్, రెండూ కలిసి అని గడికి నాలుగు స్థితులు. పదహారు గళ్లకే అవి 429 కోట్లు! పై స్పిన్లు ఎనిమిది, కిందివి ఎనిమిది అని బిగించినా 16.5 కోట్ల పైమాటే. అంత పెద్ద పట్టిక మొత్తం పరిష్కరించకుండానే కనిష్ఠ శక్తి స్థితిని వెతికే లాంచోస్ పద్ధతి ఉండబట్టి ల్యాప్‌టాప్ బతికింది.

నాకు నచ్చేది మాత్రం వేరే. నమూనాలో అయస్కాంతత్వం ఊసే లేదు. యు పెంచితే పక్కపక్క స్పిన్లు వాటంతటవే ఎదురెదురుగా తిరుగుతాయి.

"ఎందుకురా అలా?" అన్నారు నాన్న, వరి చేలో నీరు చూసి వచ్చి.

"ఒకే స్పిన్ ఉన్నవి రెండు ఒకే గడిలో ఉండకూడదని పౌలీ నియమం, అందుకే పక్క గడిలోకి రానివ్వదు నాన్నా. ఎదురు స్పిన్ అయితే క్షణం దూకి రావచ్చు, శక్తి తగ్గుతుంది."

"మరి గళ్లు పెంచు."

అక్కడే చిక్కు. గడికొక ఎలక్ట్రాన్ ఉన్నంతవరకు చదరపు జాలకం (గళ్ల అమరిక) మీద క్వాంటమ్ మాంటే కార్లో, అంటే స్థితులను యాదృచ్ఛికంగా ఎంచి సగటు కట్టే పద్ధతి, చక్కగా నడుస్తుంది. కొన్ని ఎలక్ట్రాన్లు తీసేస్తే ఆ సగటులో రుణ గుర్తులు వచ్చి, ఒకదాన్నొకటి కొట్టేసుకుని లెక్క మునుగుతుంది. అధిక ఉష్ణోగ్రతా అతివాహకత (నిరోధం లేకుండా కరెంటు పారడం) రహస్యం ఉన్నదీ అటువైపే అని చాలామంది అనుమానం. 1992లో స్టీవెన్ వైట్ ప్రతిపాదించిన డీఎంఆర్‌జీ, అంటే ముఖ్యమైన స్థితులనే ఉంచుకునే పద్ధతి, ఒకే వరుస గళ్ల గొలుసులకు అద్భుతం, వెడల్పాటి జాలకాలకు భారం. ప్రస్తుతానికి సన్నని నిచ్చెన ఆకారంతో సరిపెట్టుకుంటున్నాను.