అక్కతో వార్ధా యాత్ర

ఈసారి సంక్రాంతి సెలవుల్లో షిర్డీకి వెళ్దామని అక్క పట్టుబట్టింది. నేను మహారాష్ట్రలోని వార్ధా అన్నాను. “అక్కడ ఏ దేవుడున్నాడే?” అంది. గాంధీ ఉన్న సేవాగ్రామ్, ఆయన శిష్యుడు వినోబా భావే ఉన్న పౌనార్ రెండూ ఆ ఊరికి దగ్గరలోనే ఉన్నాయని, రెండు చోట్లా రోజూ ప్రార్థన జరుగుతుందని చెప్పాను. ప్రార్థన అనేసరికి కొంత మెత్తబడింది. ఆవకాయ సీసా సంచిలో సర్దుకోవడం చూశాక ఇక వస్తుందని నాకు ధైర్యం కలిగింది.

నా పని వేరే. నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. మా దగ్గర శాంతికి వ్యాసరచన పోటీ ఉంది. నైతిక విలువలకు ఒక పీరియడు ఉంది, సిలబస్ మిగిలిపోయిన వాళ్ళు దాన్ని అడిగి తీసుకుంటారు. దేవుడికి ఉదయం ప్రార్థన, సమాజసేవకు ఏడాదికోసారి చీపుర్లతో ఫొటో. ఇవన్నీ ఒకదానికొకటి ముఖపరిచయం లేనట్టే ఉంటాయి. బడి నడిపిన చేతులతోనే మరుగుదొడ్లు కడిగి, సాయంత్రం ప్రార్థనలో కూర్చుని, మర్నాడు ఉద్యమానికి బయలుదేరిన మనుషులు తిరిగిన నేల ఎలా ఉంటుందో చూడాలని చాలాకాలంగా కోరిక.

కాజీపేట నుంచి రైలు. కాగజ్‌నగర్ దాటాక స్టేషన్ల పేర్లు మారతాయి, మాట మారుతుంది, పత్తి చేలు మాత్రం మారవు. ఆదిలాబాద్ రైతు కష్టమూ విదర్భ రైతు కష్టమూ ఒకటేనని కిటికీలోంచి చూస్తేనే తెలుస్తుంది.

సేవాగ్రామ్ అసలు పేరు సేగావ్. వార్ధా వ్యాపారి జమ్నాలాల్ బజాజ్ పిలుపు మీద గాంధీ 1936లో ఇక్కడికి వచ్చారు. ఉత్తరాలు పొరపాటున షేగావ్‌కు వెళ్తుండటంతో 1940లో పేరు మార్చారు. ఈ సంగతి చెప్పగానే అక్క, “షేగావ్ అంటే గజానన్ మహారాజ్ ఊరు కదూ, అక్కడికే వెళ్ళుంటే సరిపోయేది” అంది.

బాపూ కుటీరం లోపల పేడతో అలికిన నేల. మట్టి గోడ మీద గాంధీ శిష్యురాలు మీరాబెన్ తీర్చిన తాటిచెట్లు, రాట్నం బొమ్మలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. పక్క గదిలో పాములను పట్టి దూరంగా వదలడానికి వాడిన పరికరం ఉంది. ఆఫీసు కుటీరంలో వైస్రాయి పెట్టించిన టెలిఫోను ఉంది. ఒకవైపు పామును చంపకుండా పంపే ఏర్పాటు, మరోవైపు సామ్రాజ్యంతో మాట్లాడే తీగ! అక్క వీటి వేపు చూడనే లేదు. వంగి నేల తాకి, “ఎంత నున్నగా అలికారో!” అంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

నన్ను ఆపింది పర్చురే కుటీరం. పర్చురే శాస్త్రి సంస్కృత పండితుడు, కుష్ఠురోగి. ఆ రోజుల్లో అలాంటివారిని ఊళ్ళోకి రానిచ్చేవారు కాదు. గాంధీ తన గుడిసెకు దగ్గరలోనే ఆయనకు ఇల్లు వేయించి, స్వయంగా పుండ్లు చూసి, ఒంటికి మర్దనా చేసేవారు. ఆ ఫొటో గోడ మీద ఉంది. రోగి ముఖంలో బాధ కంటే మొహమాటమే ఎక్కువ కనిపించింది నాకు.

సాయంత్రం ప్రార్థనకు గోడ లేదు, కప్పు లేదు, విగ్రహం లేదు. 1936లో గాంధీ నాటిన రావిచెట్టు పక్కన కంకర పరిచిన నేల మీద చాపలు. జపాన్ బౌద్ధుల మంత్రం, ఈశావాస్యం, గీతలోని స్థితప్రజ్ఞ శ్లోకాలు, ఖురాన్ వాక్యాలు, పార్సీల ప్రార్థన ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. తరువాత ఏకాదశ వ్రతాలు, అంటే ఆశ్రమవాసుల పదకొండు నియమాలు: అహింస, సత్యం, అస్తేయం... అస్వాదం, అంటే నాలుక రుచికి లొంగకపోవడం, దగ్గరకు రాగానే అక్క నా వైపు చూసింది. రాత్రి భోజనంలో ఉప్పుకారాలు అంతంతమాత్రంగా ఉన్న కూర వడ్డించినప్పుడు ఆ చూపుకు అర్థం తెలిసింది. సీసా బయటికి తీసింది. అప్పటికి నేనూ వద్దనలేదు.

ఇక్కడ తెలుగువాళ్ళు తప్పక తలచుకోవలసిన మనిషి గోరా. దేవుడు లేడని చెప్పే మనిషి, కృష్ణా జిల్లా నుంచి 1944 చివర్లో ఈ ప్రార్థనల ఊరికి వచ్చి గాంధీతో వాదించారు. తన కూతురు మనోరమను అర్జునరావు అనే దళిత యువకుడికి ఇచ్చి పెళ్ళి చేయదలచారు. దేవుడి పేరు బదులు సత్యం అనే మాటతో పెళ్ళి జరపడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఇంతలో 1948 జనవరి 30 వచ్చింది. మార్చిలో పెళ్ళి సేవాగ్రామ్‌లోనే జరిగింది. కులం మడి, దేవుడి మడి రెండూ ఒక్కసారే తెగిపోయిన పెళ్ళి అది. కథంతా విని అక్క ఒక్కటే అడిగింది: “ఆ పిల్లలు సుఖంగా కాపురం చేసుకున్నారా?” ఆధ్యాత్మికత మీద నేను చదివిన చాలా వ్యాసాల కంటే సూటి ప్రశ్న.

ఆశ్రమానికి దగ్గరలోనే నయీ తాలీం, అంటే గాంధీ చెప్పిన కొత్త చదువు, ఆవరణ. 1937 అక్టోబరులో వార్ధాలో విద్యా సదస్సు జరిగింది. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఏడేళ్ళ ఉచిత నిర్బంధ విద్య, అమ్మభాషలో బోధన, చేతిపని కేంద్రంగా చదువు, ఇవీ సూత్రాలు. సిలోన్ నుంచి వచ్చిన ఆర్యనాయకం, బెంగాలీ ఆడపడుచు ఆశాదేవి దంపతులు దాన్ని నడిపారు. తరువాత ఆ బడి మూతపడింది. 2005లో ఆనంద్ నికేతన్ పేరుతో అక్కడే మళ్ళీ మొదలైంది.

మేం వెళ్ళేసరికి కొందరు పిల్లలు మడుల్లో వంగి ఉన్నారు. ఒక పాప నూలు వడికే తకిలీ తిప్పుతూ, దారం తెగితే నాలుక కొస బయటపెట్టి మళ్ళీ అతికిస్తోంది. పక్క పిల్లవాడు వంకాయలు తూచి నోటు పుస్తకంలో గ్రాములు రాసుకుంటున్నాడు. అంకె తప్పు రాస్తే పక్కవాడు అరిచాడు, కొట్టుకోలేదు. మళ్ళీ తూచారు. నేను చూసింది అంతే. దీన్ని అతిగా పొగడను. నూలు వడికితే ద్వేషం పోతుందని ఎవరైనా అంటే నమ్మను కూడా. కానీ తక్కెడ ముందు తగవు తీర్చుకోవడం తెలిసిన పిల్లవాడికి శాంతి మీద వ్యాసం రాయించనక్కర్లేదేమో.

పౌనార్ ధామ్ నది ఒడ్డున ఉంది. గాంధీ అస్థికలు కొన్ని ఈ నీళ్ళలో కలిపారు. గుట్ట మీద బ్రహ్మవిద్యా మందిరం, వినోబా 1959లో స్త్రీల కోసం పెట్టిన ఆశ్రమం. బ్రహ్మచర్యానికీ సాధనకూ ఆడవాళ్ళకు మగవాళ్ళతో సమానమైన హక్కు ఉందని ఆయన వాదన. ఇక్కడ అధిపతి అంటూ ఎవరూ లేరు. ఒక్కరు కాదన్నా నిర్ణయం ఆగుతుంది. “అయితే మన ఇంట్లో ఏ పనీ జరగదు” అంది అక్క.

ఆమెకు ఇక్కడ దేవుడు దొరికాడు. నేల తవ్వుతుంటే బయటపడిన భరత రాముల శిల్పాన్ని వినోబా ఇక్కడ ప్రతిష్ఠించారు. అన్నదమ్ములు కౌగిలించుకుని ఉంటారు. రాజ్యం నాకొద్దంటే నాకొద్దని వాదించుకున్నవాళ్ళు. మా పెద్దనాన్నగారి పిల్లలు రెండు కుంటల గట్టు కోసం కోర్టుకెక్కి ఏళ్ళయింది. అక్క ఆ విగ్రహం ముందు వాళ్ళ పేర్లు చెప్పి మరీ దణ్ణం పెట్టుకుంది. ఆ తరువాత అక్కడివాళ్ళతో కలిసి విష్ణు సహస్రనామం చదివింది. చూడకుండా అప్పజెప్పగల ఏకైక విషయంలో తన పట్టు చూపించే అవకాశం వదులుకుంటుందా!

ఈ గుట్ట మీంచే వినోబా 1951 మార్చిలో నడక మొదలుపెట్టి హైదరాబాద్ దగ్గర శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వచ్చారు. అక్కడి నుంచి సాయుధ పోరాటంతో అట్టుడుకుతున్న పల్లెల్లోకి వెళ్ళారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు కావాలన్నాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానం అక్కడ పుట్టింది. తరువాత ఆయన దేశమంతా తిరిగి లక్షల ఎకరాలు అడిగి తెచ్చారు. అందులో చాలా భాగం రాళ్ళూ గుట్టలే, మరికొంత వివాదాలు, ఇంకొంత కాగితాలు దాటనే లేదు. ఎమర్జెన్సీ కాలంలో ఆయన తీరు కూడా నాకు నచ్చదు. యాత్రకు వెళ్ళాం కదా అని ఇవన్నీ మరచిపోలేను.

అక్కడ వంటపని చూస్తున్న ఒక దీదీని అడిగేశాను: ఆ నూరెకరాలు మనసు కరిగి ఇచ్చినవా, తుపాకులకు భయపడి ఇచ్చినవా? ఆమె కూర తరుగుతూనే, రెండూ ఉండి ఉంటాయన్నారు. ఇంకేదో చెబుతారనుకుని ఎదురుచూశాను. కత్తిపీట నా వైపు జరిపారు, అంతే. తరిగాను. ఆ తరువాత ఆమే చెప్పారు, 1967లో నలుగురు స్త్రీలు బయలుదేరి పన్నెండేళ్ళు దేశమంతా కాలినడకన తిరిగిన సంగతి. 1962లో సతీశ్ కుమార్, మీనన్ అనే ఇద్దరు యువకులు అణ్వాయుధాలు వద్దంటూ ఢిల్లీ నుంచి మాస్కో, పారిస్, లండన్, వాషింగ్టన్‌లకు యాత్ర కట్టారు. చేతిలో పైసా లేకుండా వెళ్ళమని వాళ్ళకు చెప్పింది వినోబాయే. డబ్బుంటే హోటల్లో పడుకుంటారు, లేకపోతే ఎవరి ఇంటి తలుపైనా తట్టాల్సి వస్తుంది కదా.

ఈ ఏడాది ఎనిమిదో తరగతి విహారయాత్ర పోచంపల్లికేనని మా ప్రధానోపాధ్యాయుడితో చెప్పాను. మగ్గాలు చూస్తారు, చీర మీద రంగు దారంలోనే ఎలా కడతారో చూస్తారు. నలభై కుటుంబాలు ఎనభై ఎకరాలే ఎందుకు అడిగాయో భాగించి చూసుకుంటారు. నూరు ఎందుకు అడగలేదని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నాకు ఆ పీరియడు కావాలి.

వెళ్ళాలనుకునేవారికి ఒక మాట. వార్ధా ఎండలు రామగుండం ఎండలకు తీసిపోవు, చలికాలమే మేలు. సేవాగ్రామ్‌లో ఆశ్రమం ఎదురుగానే యాత్రీ నివాస్ ఉంది. అక్కడి నుంచి పౌనార్‌కు ఆటోలు దొరుకుతాయి. హిందీ కాస్త వస్తే చాలు. పౌనార్‌లో బస చేయదలిస్తే ముందుగా అడగండి, ఉన్నన్ని రోజులూ వాళ్ళతోపాటు పని చేయడానికి సిద్ధపడి వెళ్ళండి.