గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) ఆర్కిటెక్చర్ హిస్టరీ: ‘గ్రీక్’ థామ్సన్‌ను బట్టీ పట్టకుండా చదవడం

రిజల్ట్స్ వచ్చాక నన్ను ఎక్కువమంది అడిగింది హిస్టరీ గురించే. ర్యాంకు తెచ్చింది అదే కాబట్టి గట్టిగానే చెబుతాను: పేర్ల జాబితాతో పని జరగదు. ‘గ్రీక్’ అన్న బిరుదున్న స్కాట్లాండ్ ఆర్కిటెక్ట్ అలెగ్జాండర్ థామ్సన్‌నే తీసుకోండి.

1817లో బాల్ఫ్రన్‌లో పుట్టాడు, 1875లో గ్లాస్గోలో పోయాడు, గ్రీసు ఎన్నడూ వెళ్లలేదు. నోట్స్‌లో ఉండేది ఇంతే. ‘జతపరచండి’లో పక్కనే ఇంకో ఆర్కిటెక్ట్ ప్లేఫెయిర్ కనిపిస్తే ఒకరి బిల్డింగు ఇంకొకరికి అంటగట్టేస్తారు, ఇద్దరూ స్కాట్లాండే, ఇద్దరిదీ గ్రీకు శైలే. రెండు మార్కులు రాకపోగా ఇంకో 2/3 కోత. ప్లేఫెయిర్‌ది ఎడిన్‌బరా, థామ్సన్‌ది గ్లాస్గో. ముందు ఊళ్లు విడదీయండి.

తర్వాత ఫొటో మూసేసి సెక్షన్ (బిల్డింగును నిలువునా కోస్తే కనిపించే బొమ్మ) గీయండి. ముందు రాతి స్తంభాల వరుస, దాని వెనక విడిగా అద్దం గీత. థామ్సన్ కట్టిన హోమ్‌వుడ్ ఇంటి (1857–58) గుండ్రటి బే విండోలో (బయటికి పొడుచుకొచ్చిన కిటికీ) ఇదే, ఈజిప్షియన్ హాల్స్ (1870–72) పైఅంతస్తులో పొట్టి స్తంభాల వెనకా ఇదే. అద్దం వెనక్కి జరిగింది కాబట్టి స్తంభం, దూలం తెగకుండా కనిపిస్తాయి. రాతి దూలం లాగుడు బలాన్ని తట్టుకోలేదు, స్పాన్ పెంచితే అడుగున పగులుతుంది. అందుకే స్తంభాలు దగ్గరదగ్గరగా. ఆర్చ్ అయితే పక్కలకు తోస్తూనే ఉంటుంది. ఆర్చ్‌ల చర్చి యార్క్ మిన్‌స్టర్ కన్నా నిలువు రాళ్ల మీద రాతి దూలాలు పెట్టిన స్టోన్‌హెంజ్ శాస్త్రీయ నిర్మాణమని థామ్సన్ వాదించింది ఈ లెక్కతోనే. ట్రాబియేటెడ్ (స్తంభం, దూలం), ఆర్క్యుయేటెడ్ (ఆర్చ్) తేడా దీంతో తేలిపోతుంది.

అలాగని అంతా రాయే అనుకోవద్దు. సెయింట్ విన్సెంట్ స్ట్రీట్ చర్చి (1859) లోపల గ్యాలరీని మోసేది పోత ఇనుప స్తంభాలు. బయట వాలు నేల మీద ఎత్తైన పీఠం, దాని మీద అయానిక్ (ఒక గ్రీకు స్తంభ శైలి) పోర్టికో, పక్కన గ్రీకు కాని టవర్. ‘గ్రీక్’ అన్న బిరుదు చూసి ఈజిప్టు ఆప్షన్ వదిలేస్తే ఎంఎస్‌క్యూ (ఒకటికి మించి సరైన జవాబులుండగల ప్రశ్న) పోయినట్టే. నెగెటివ్ లేదు గానీ సగం మార్కులూ ఇవ్వరు.

ఒక్క ఆర్కిటెక్ట్‌కి ఇంత టైమా అని నవ్వేవాళ్లుంటారు. రోజూ ఫోన్ అవతల పెట్టి ఒక్క సెక్షన్ గీయలేనివాళ్ల మాట అది.

మిగతావి త్వరగా చూసేయండి: మోరే ప్లేస్ టెర్రస్ (వరుస ఇళ్లు), కాలెడోనియా రోడ్ చర్చి (1965 మంటల్లో కాలి గోడలే మిగిలాయి), క్వీన్స్ పార్క్ చర్చి (1943 బాంబు దాడిలో పోయింది). తర్వాతి తరం గ్లాస్గో ఆర్కిటెక్ట్ మెకింటాష్‌ను ఇటలీ పంపిన స్టూడెంట్‌షిప్ థామ్సన్ పేరుతోదే.