దుబాయి ఎండలో పాత ఫైర్‌బ్లేడ్ కార్బొరేటర్లు

దుబాయిలో మోటార్‌సైకిలు మీద మక్కువ ఉన్నవాళ్ళకు ఏడాది అక్టోబరులో మొదలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పగటి ఎండ చాలా రోజులు 40 డిగ్రీలు దాటి ఉంటుంది కాబట్టి, చాలామంది బండికి కవరు కప్పి గ్యారేజీలో వదిలేసి, వీలున్నవాళ్ళు సొంత దేశాలకు వెళ్ళిపోతారు. గాలి చల్లబడగానే హత్తా వైపో, రస్ అల్ ఖైమాలోని జబల్ జైస్ కొండ మీదికో వెళ్దామని బండి బయటకు తీస్తారు. అది స్టార్టు కాదు. ఒకవేళ అయినా, చోక్ తియ్యగానే ఆగిపోతుంది. అప్పుడవి అల్ కూజ్ పారిశ్రామిక ప్రాంతంలోని మాలాంటి వర్క్‌షాపుల ముందు వరుస కడతాయి. ఇంజెక్షన్ (సెన్సర్లతో కొలిచి పెట్రోలు చిమ్మే పద్ధతి) ఉన్న కొత్త బండ్లలో ఎక్కువ భాగం బ్యాటరీ మార్చగానే కదిలిపోతాయి. 1990ల నాటి నాలుగు సిలిండర్ల స్పోర్ట్స్ బండ్లకు మాత్రం కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు పంపే భాగం) పని తెలిసిన మనిషి కావాలి. ఈ దేశంలో నా బతుకుతెరువు ఆ పనే.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మా వైపు గల్ఫ్‌కు వచ్చినవాళ్ళలో భవన నిర్మాణంలోకి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. కరీంనగర్‌లో ఒక షెడ్డులో పని నేర్చుకున్నందువల్ల నేను మెకానిక్ వీసా మీద రాగలిగాను. అక్కడ నా చేతికి అలవాటైనది యమహా ఆర్‌ఎక్స్ 100. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన ఆ బండికి ఒకటే కార్బొరేటర్, అందులో ఎక్సలేటర్ కేబుల్ నేరుగా స్లైడును, అంటే గాలి దారిలో పైకీ కిందికీ జారే ముక్కను, పైకి లాగుతుంది. చెయ్యి ఎంత తిప్పితే స్లైడు అంత లేస్తుంది, పెట్రోలు అంత వస్తుంది. శబ్దం విని, స్క్రూ తిప్పి, సైలెన్సర్ పొగ చూసి సరిచెయ్యగలిగిన పని అది. ఆ చెవి నాకు ఇప్పటికీ అన్నం పెడుతోంది. అయితే నాలుగు కార్బొరేటర్ల బండి ముందు చెవి ఒక్కటే చాలదు.

మా దగ్గరికి తరచుగా వచ్చే పాత బండ్లలో హోండా ఫైర్‌బ్లేడ్ ఒకటి. హోండా ఇంజనీరు తడావో బాబా నాయకత్వంలో రూపొంది 1992లో మార్కెట్టులోకి వచ్చిన ఆ మొదటి బండి ఇంజను 893 సీసీ. పెట్రోలు, ఆయిలు లేకుండా బరువు 185 కిలోలు. పెద్ద ఇంజను ఉన్న బండి అంత తేలికగా ఉండటం ఆ రోజుల్లో అపురూపం. 2000 సంవత్సరపు మోడల్‌తో అది ఇంజెక్షన్‌కు మారింది, అంతకు ముందు వచ్చినవన్నీ కార్బొరేటర్లవే. ఆ కైహిన్ కార్బొరేటర్లలో రైడరు చెయ్యి స్లైడును లేపదు. కేబుల్ తిప్పేది ఇంజను వైపున్న బటర్‌ఫ్లై పలకను మాత్రమే. అది తెరుచుకున్నాక ఇంజను పీల్చే గాలి వేగానికి గొట్టంలో పీడనం తగ్గి, స్లైడు పైనున్న పలుచని రబ్బరు డయాఫ్రమ్ దాన్ని పైకి లాగుతుంది. అంటే రైడరు అడుగుతాడు, ఎంత ఇవ్వాలో ఇంజను నిర్ణయిస్తుంది. అందుకే పికప్ అంత మృదువుగా ఉంటుంది. డయాఫ్రమ్‌కు సూదిమొనంత చిల్లు పడినా స్లైడు సగంలోనే ఆగిపోవడం, ఎంత రేస్ ఇచ్చినా బండి ఒక వేగం దాటకపోవడం కూడా ఇందువల్లనే.

నాకు ఈ పని నేర్పినది మా వర్క్‌షాపులోని పెద్ద మెకానిక్, పెషావర్ వైపు మనిషి. అందరం ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తాం. పాత బండి వచ్చిందంటే ఊళ్ళో మేము మొదట చేసే పని కార్బొరేటర్ విప్పడమే కాబట్టి నా చెయ్యి కూడా అటే వెళ్ళేది. ఆయన మాత్రం నా చేతిలో స్క్రూడ్రైవరుకు బదులు జాబ్ కార్డు (బండి లోపాలు, చేసిన పని రాసుకునే కాగితం) పెట్టేవాడు. “బేటా, మొదట బండి ఏం చెబుతోందో రాయి. ఆ తరువాత నువ్వు ఏమనుకుంటున్నావో రాయి. రెండూ కలిసినప్పుడే స్క్రూ ముట్టుకో” అనేవాడు. వాల్వ్ క్లియరెన్సులు, కంప్రెషన్, ప్లగ్గులు, కాయిల్, ఎయిర్ ఫిల్టర్, వాక్యూమ్ గొట్టాలు, ఇవన్నీ చూశాకే కార్బొరేటర్ వంతు. వాల్వులు బిగుసుకుపోయిన ఇంజనుకు కార్బొరేటర్లు ఎంత శుభ్రం చేసినా ఐడిలింగ్ నిలవదు, కస్టమర్ డబ్బూ మన శ్రమా రెండూ వృథా. గంటల లెక్కన కూలీ కట్టే ఈ దేశంలో ఆ క్రమం మరీ ముఖ్యం, ఎందుకంటే కారణం లేకుండా విప్పిన ప్రతి గంటకూ జవాబు చెప్పుకోవాలి.

బండి చెప్పేది వినడానికి ఒక పద్ధతి ఉంది. ఎక్సలేటర్ ఏ స్థానంలో ఉన్నప్పుడు లోపం కనబడుతోంది అన్నది మొదటి ప్రశ్న, ఇంజను ఎన్ని ఆర్‌పీఎం దగ్గర ఉంది అన్నది కాదు. జెట్ అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రమున్న చిన్న ముక్క. ఎక్సలేటర్ పూర్తిగా మూసినప్పటి నుంచి పావు వంతు లోపు దాకా పైలట్ జెట్‌దీ, పైలట్ స్క్రూదీ రాజ్యం. పావు నుంచి ముప్పావు దాకా స్లైడుకు వేలాడే సూది, అంటే నీడిల్‌దీ, అది దిగే నీడిల్ జెట్‌దీ. ఆపైన మెయిన్ జెట్‌ది. కాబట్టి హ్యాండిల్ గ్రిప్ మీద పెయింటర్ టేపు అంటించి, పావు, సగం, ముప్పావు గీతలు గీసి, రోడ్డు మీద ఏ గీత దగ్గర బండి తడబడిందో చూస్తాం. చోక్ ఉంటేనే నడుస్తోందంటే పైలట్ దారి మూసుకుపోయినట్టు అనుకోవచ్చు. రేస్ వదిలాక ఇంజను వేగం వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని అర్థం. అప్పుడు కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు బూట్లు పగిలి దొంగగాలి వస్తోందేమో చూడాలి. చల్లటి ఇంజను స్టార్టు చేసి కాసేపటికి నాలుగు సైలెన్సర్ పైపుల వేడినీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలిస్తే, పని చెయ్యని సిలిండర్ పైపు తక్కువ అంకెతో తనంతట తానే బయటపడుతుంది. ఆ పరికరం లేనిచోట నాలుగు పైపుల మీదా నీటి చుక్కలు వేసినా తెలిసిపోతుంది.

ఇంజను ఆయిల్ మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తే మాత్రం స్టార్టర్ బటన్ నొక్కకూడదు. కార్బొరేటర్ గిన్నె నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగ్గా కూర్చోక, ట్యాంకు కింది కాక్ కూడా లీకవుతుంటే, పెట్రోలు తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండర్‌లోకి దిగుతుంది. ద్రవం నొక్కుకోదు కాబట్టి ఆ స్థితిలో తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్గులు తీసి, ఆయిలు మార్చాకే మిగతా పని.

ఎండలో నిలబడి ఉన్న బండి కార్బొరేటర్లను బయటకు తియ్యడమే ఇక్కడ పెద్ద పరీక్ష. రబ్బరు బూట్లు ఏళ్ళ తరబడి వేడికి గట్టిపడి చెక్కలా అయిపోతాయి. బలవంతంగా పీకితే చిరుగుతాయి, కొత్తవి జపాన్ నుంచి రావడానికి వారాలు పట్టవచ్చు. హెయిర్ డ్రయ్యరుతో వెచ్చజేసి, అటూ ఇటూ మెల్లగా కదిపి తియ్యాలి. నాలుగు కార్బొరేటర్లనూ ఒకదానితో ఒకటి విడదియ్యకుండా ఒకే వరుసగా తీస్తాం. అయితే వాటి మధ్య పెట్రోలు పంచే చిన్న గొట్టాల ఓ-రింగులు ఎండిపోయి కారుతుంటే విడదియ్యక తప్పదు.

ఫ్లోట్ గిన్నెలు విప్పేటప్పుడు ఇంకొక జాగ్రత్త ఉంది. జపాన్ బండ్ల క్రాస్ స్క్రూలు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) కొలతవి, చాలా వాటి తలమీద చిన్న చుక్క ఉంటుంది. బజారులో దొరికే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో జారి గాడి కొరికేస్తుంది. మెత్తటి స్క్రూ తల పాడైతే ఆ తరువాత డ్రిల్లు పెట్టాల్సిందే. గిన్నె తెరవగానే లోపల కనబడేది వేసవి చరిత్ర అంతా. ఆవిరైన పెట్రోలు వదిలిన పసుపు పచ్చని జిగురు అడుగున గట్టిపడి ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సముద్రపు తేమ ట్యాంకులో నీరుగా దిగి, పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుక్కు చేరి, అల్యూమినియాన్ని తెల్లటి పొడిగా తినేసి ఉంటుంది.

పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నది. అందులోకి ఉక్కు తీగ దూర్చినవాళ్ళు ఆ రంధ్రాన్ని పెద్దది చేసి, ఆ సిలిండర్‌కు ఎప్పటికీ పెట్రోలు ఎక్కువయ్యేట్టు చేస్తారు. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు చాలు, అదీ ద్రావకంలో నానాకే. ఆ తరువాత అల్ట్రాసోనిక్ తొట్టిలో వేడినీటిలో కాసేపు ఉంచి, కంప్రెసర్ గాలి కొట్టాలి. జెట్లు మెరిసినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. అసలు జిగురు ఉండేది కార్బొరేటర్ ఒంట్లో తొలిచిన దారుల్లో. క్లీనర్ స్ప్రే గొట్టాన్ని పైలట్ గాలి రంధ్రం దగ్గర పెట్టి నొక్కితే, పైలట్ స్క్రూ రంధ్రం నుంచీ, బటర్‌ఫ్లై అంచు పక్కనున్న రెండు మూడు సన్న రంధ్రాల నుంచీ సమానంగా చిమ్మాలి. ఆ సన్న రంధ్రాలను వదిలేసిన బండి ఐడిలింగ్ బాగానే ఉండి, రేస్ ఇవ్వగానే ఒక్క క్షణం చచ్చిపోతుంది. “అంతా శుభ్రం చేశాం కదా, ఇంకా ఎందుకు?” అని చాలామంది తల పట్టుకునేది అక్కడే.

స్ప్రే కొట్టే ముందు డయాఫ్రమ్‌లు, ఓ-రింగులు తీసి పక్కన పెట్టాలి, ఎందుకంటే ఆ మందు తగిలితే రబ్బరు ఉబ్బిపోయి మళ్ళీ గాడిలో కూర్చోదు. పైలట్ స్క్రూ తీసేముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో ఒక్కొక్క కార్బొరేటర్‌కూ విడిగా రాసుకోవాలి. బలం పెడితే దాని మొన విరిగి లోపల ఇరుక్కుంటుంది. దాని వెనకాల స్ప్రింగు, సన్నటి వాషరు, చివర ఓ-రింగు ఉంటాయి. ఆ చిన్న ఓ-రింగు రంధ్రంలోనే అతుక్కుని ఉండిపోవడం మామూలు. స్లైడు బిగించాక దాన్ని వేలితో పైకి లేపి, వాక్యూమ్ రంధ్రం మూసిపెడితే అక్కడే నిలబడాలి. జారితే డయాఫ్రమ్‌కు చిల్లు ఉన్నట్టో, అంచు మూత కింద నలిగినట్టో లెక్క. పాత బండ్లలో ఇత్తడి నీడిల్ జెట్ రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. అన్నీ సరిచేసినా మధ్య వేగంలో పెట్రోలు వాసన పోలేదంటే అది మార్చాల్సిందే. ఫ్లోట్ మట్టాన్ని నేను స్కేలుతో కొలిచి ఊరుకోను. గిన్నె అడుగున పారదర్శక గొట్టం తగిలించి, పెట్రోలు నింపి, నాలుగింటిలోనూ మట్టం ఒకేలా నిలిచిందా అని చూస్తాను.

బిగించాక మిగిలేది సింక్, అంటే నాలుగు కార్బొరేటర్లూ సమానంగా పనిచేసేలా చూడటం. ట్యాంకు తీసి ఉంటుంది కాబట్టి చిన్న పెట్రోలు సీసాను పైన వేలాడదీసి, రేడియేటర్ ముందు ఫ్యాను పెట్టి, నాలుగు ఇన్‌టేకులకూ నాలుగు వాక్యూమ్ గేజీలు తగిలిస్తాం. ఒక కార్బొరేటర్‌ను ఆధారంగా పెట్టుకుని, మిగతా మూడింటి బటర్‌ఫ్లైలనూ దానికి సరితూగేలా స్క్రూలతో సవరిస్తాం. ఒకే కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి ముందుకు లాగితే మిగతావి అలసిపోయినట్టే ఇదీ. ముల్లులన్నీ ఒక గీత దగ్గరికి చేరేకొద్దీ హ్యాండిల్‌లోని వణుకు తగ్గడం చేతికి తెలుస్తుంది, ఇంజను గొంతు కూడా మారుతుంది. కరీంనగర్ షెడ్డులో పదునెక్కిన చెవి, అల్ కూజ్‌లో అలవాటైన గేజీ, ఆ క్షణంలో రెండూ ఒకే మాట చెబుతాయి. ఈ పనిలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

ట్యూనింగ్‌లో ఇక్కడి వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 9 శాతం తక్కువ, కాబట్టి అదే జెట్‌తో మిశ్రమం కొంచెం పెట్రోలు వైపు మొగ్గుతుంది. జబల్ జైస్ మీదికి ఎక్కేకొద్దీ గాలి ఇంకా పలుచనవుతుంది. ఇంజెక్షన్ బండి సెన్సర్ దీన్ని తనంతట తాను సరిచేసుకుంటుంది. కార్బొరేటర్‌లో రంధ్రం రంధ్రమే. అందుకే ఎండాకాలం మధ్యాహ్నం కన్నా, రైడర్లు నిజంగా తిరిగే నవంబరు ఉదయపు చల్లదనంలోనే చివరి సర్దుబాటు చెయ్యాలని నేను పట్టుబడతాను. చలిలో సరిగ్గా ఉన్నది ఎండలో కాస్త పొగ పెట్టినా ఇంజనుకు ప్రమాదం లేదు, ఎండలో సన్నగా, అంటే పెట్రోలు తక్కువగా, సర్దినది చలిలో వేడెక్కి పిస్టన్‌ను దెబ్బ తీస్తుంది.

ఊరి నుంచి తమ్ముళ్ళు, పాత షెడ్డు మిత్రులు ఈ మధ్య తరచుగా ఫోన్లు చేస్తున్నారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన దేశపు కొత్త బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారిపోయాయి, ఇప్పుడు నేర్చుకునే కుర్రాళ్ళ చేతికి కార్బొరేటర్ అరుదుగా తగులుతోంది. “అన్నా, ఆర్‌ఎక్స్ మునుపటిలా లాగుతలేదు, ఈ కొత్త పెట్రోలుతోనేనా?” అని అడుగుతారు. మన దగ్గర ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. మామూలు పెట్రోలు కాలడానికి దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. అంటే పాత జెట్ అంతే పెట్రోలు ఇస్తుంటే మిశ్రమం సన్నబడుతుంది. పైగా ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. కాబట్టి ఓ-రింగులు, పెట్రోలు పైపులు ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయండి, ప్లగ్గు రంగు చూసి తెల్లబడి ఉంటే జెట్ ఒక నంబరు పెంచి చూడండి, బండి నెల రోజులు నిలబెట్టేట్టయితే గిన్నె ఖాళీ చేయండి అని చెబుతాను. రాత్రి గదిలో ఫోన్ పట్టుకుని, ప్లగ్గు ఫోటోలు పెద్దవి చేసి చూస్తూ నేను చెప్పే ఈ మాటలన్నీ ఉస్తాద్ దగ్గర విన్నవే.

ఇక్కడి కస్టమర్లకు బండి అప్పజెప్పేటప్పుడు జాబ్ కార్డు నకలు ఒకటి ఇస్తాను. జెట్ నంబర్లు, పైలట్ స్క్రూల చుట్లు, ఫ్లోట్ మట్టాలు, సింక్ అంకెలు, ఆ రోజు ఉష్ణోగ్రత, అన్నీ అందులో ఉంటాయి. రేపు నేను ఈ దేశంలో ఉన్నా లేకపోయినా, ఆ బండి విప్పే మరో మెకానిక్‌కు మొదటి నుంచి వెతుక్కునే పని ఉండదు. మే నెలాఖరులో బండి పక్కన పెట్టేముందు ట్యాంకు నిండా పోయించమనీ, కాక్ కట్టి నాలుగు గిన్నెల డ్రెయిన్ స్క్రూలూ విప్పి పెట్రోలు పూర్తిగా దించెయ్యమనీ చెబుతాను. ట్యాంకు నిండుగా ఉంటే లోపల తేమకు చోటు ఉండదు, గిన్నె ఖాళీగా ఉంటే జిగురు పట్టదు. చెప్పినట్టు చేసినవాళ్ళ బండ్లు అక్టోబరులో మా షాపుకు రావు. వచ్చినా, ఆయిలు మార్చుకుని అదే ఉదయం హత్తా దారి పడతాయి.