జక్కవలు దిగిన కబురు

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు ఉదయం, నెల్లూరు జిల్లాలో పెన్నకు ఉత్తరాన ఉన్న ఒక చెరువు కట్ట మీద నిలబడి సూదితోక బాతులను లెక్కపెడుతుండగా, కలుజుకు ఎదురుగా నీరు తీసిన బురద మేట మీద రెండు ఎర్రటి బాతులు కనిపించాయి. ఆ చెరువు పేరు ఎందుకు రాయడం లేదో కింద చెబుతాను. మొదట వాటిని చిలువలనే అనుకున్నాను. కానీ చిలువ చిన్న బాతు, దాని ఒళ్లు ముదురు గోధుమరంగు. ఇవి పక్కనే మేస్తున్న సూదితోకల కంటే బరువుగా, పండిన నారింజ తొక్క రంగులో ఉన్నాయి. తల మాత్రం మీగడ రంగుకు తిరిగింది. పావుగంట తరువాత గేదెలు నీళ్లలోకి దిగడంతో రెండూ లేచాయి. అప్పుడు రెక్కల ముందు భాగంలోని తెలుపు, చివర్ల నలుపు విడివిడిగా తెలిసి, ఇక అనుమానం లేకపోయింది. అవి జక్కవలు.

తెలుగు చదువుకున్నవారిలో జక్కవ పేరు విననివారు తక్కువ, పక్షిని చూసినవారు ఇంకా తక్కువ. జక్కవకే మరో పేరు చక్రవాకం. చక్రవాక దంపతులు పగలంతా కలిసి ఉండి, రాత్రి కాగానే విడిపోయి ఒకదానికోసం ఒకటి అరుస్తాయని మన కవులు చెప్పుకున్నారు. ఇందులో కల్పన ఎంత ఉన్నా దాని వెనుక ఎవరో శ్రద్ధగా చూసిన చూపు ఉందని నేను నమ్ముతాను, ఎందుకంటే జక్కవలు జంటగా తిరుగుతాయి, ఎక్కువగా రాత్రివేళ మేస్తాయి, వాటి గొంతు చీకట్లో చాలా దూరం వినిపిస్తుంది. ఆ రోజు తూము దగ్గర కలిసిన, చెరువు నీటిని పొలాలకు వదిలే నీరటి పెద్దాయన, నేను అడగకముందే, “నాలుగు రోజుల్నుంచి రేయిపూట ఏందో అరస్తా ఉండాది సార్, మన బాతుల అరుపు కాదది” అన్నారు. నేను కళ్లతో తేల్చుకోవడానికి పావుగంట పట్టినదాన్ని ఆయన చెవితో నాలుగు రోజుల ముందే పట్టుకున్నారు.

ఈ పక్షులు లద్దాఖ్, టిబెట్, మధ్య ఆసియా ప్రాంతాల్లోని ఎత్తైన సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణానికి వస్తాయి. హిమాలయాలు దాటే సమయంలో దాదాపు 6,800 మీటర్ల ఎత్తుకు చేరిన జక్కవలను ఉపగ్రహ పరికరాల సాయంతో నమోదు చేశారు. ఉత్తరాది నదుల ఇసుకమేటల మీద గుంపులుగా కనిపించే ఈ బాతులు మా వైపు చెరువులకు రావడం అరుదు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువులు నిండి, జనవరిలో నీరు వెనక్కి తగ్గే కొద్దీ అంచుల్లో పచ్చిక, బురద తేలుతాయి. జక్కవలకు కావలసినది సరిగ్గా అదే.

ఇంటికి రాగానే పక్షులను చూసే ముగ్గురు మిత్రులకు కబురు పంపాను. తేదీ, సమయం, ఎన్ని పక్షులు, ఎంత దూరం నుంచి చూశాను, వెలుతురు ఎటునుంచి పడుతోంది, ఏమి మేస్తున్నాయి, ఎగిరినప్పుడు రెక్క ఎలా కనిపించింది అన్నవన్నీ రాసి, మసకగా వచ్చిన రెండు ఫోటోలూ జతచేశాను. ఒంగోలులో ఉండే మిత్రుడు వెంటనే అడిగిన ప్రశ్న, “ఒకదాని మెడలో సన్నని నల్లగీత ఉందా అన్నా?” అని. మగపక్షికి జతకట్టే కాలం దగ్గరపడే కొద్దీ ఆ గీత తేరుతుంది. మరునాడు టెలిస్కోపుతో వెళ్లి చూస్తే ఒకదానికి లీలగా ఉంది, రెండోదాని ముఖం ఇంకాస్త తెల్లగా ఉంది. అంటే జంటే. నమ్మకమైన కబురంటే ఇలా ఎదుటివారి ప్రశ్నకు నిలిచేదే అని నా అభిప్రాయం. “చూశాను” అన్న ఒక్క మాట ఎంత నిజమైనా రేపటివారికి పనికిరాదు.

ఇక చెరువు పేరు సంగతి. రెండేళ్ల కింద మరొక చెరువులో దిగిన నాలుగు పట్టెతల బాతుల గురించి ఉత్సాహం పట్టలేక దారి గుర్తులతో సహా అందరికీ చెప్పాను. ఆదివారానికి కట్ట మీద వాహనాలు బారులు తీరాయి. ఎవరో చేపల తెప్ప మాట్లాడుకుని ఫోటోల కోసం మేట దగ్గరికే వెళ్లారు, బాతులు మూడుసార్లు లేచి మూడుసార్లు చోటు మార్చి సాయంత్రానికి వెళ్లిపోయాయి. అంత దూరం ఎగిరి వచ్చిన పక్షికి చలికాలమంతా మేసి ఒంట్లో కొవ్వు పెట్టుకోవడమే బతుకు. ప్రతిసారి లేపడం దాని తిరుగు ప్రయాణపు తిండిని లాక్కోవడమే. ఆ తప్పు నాది, నేటికీ బాధగానే ఉంది.

అలాగని దాచిపెట్టడమూ సరికాదు. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి నడుస్తోంది. చెరువుల లెక్కలు అందులో చేరితేనే, రేపు ఎవరైనా ఆ మేటను పూడ్చాలని చూస్తే చూపించడానికి మన దగ్గర కాగితం ఉంటుంది. అందుకే ఈసారి ఒక పద్ధతి పెట్టుకున్నాం. గణన చేసేవారికి చోటు చెప్పాం. పక్షులను చూసినవారు వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో మాత్రం పక్షులు ఉత్తరానికి వెళ్లిపోయాకే, చూసిన తేదీతోనే, నమోదు చేస్తాం. చూడాలని అడిగినవారిని ఒక్కసారికి ఇద్దరు చొప్పున, నీరటి పెద్దాయనకు చెప్పి, కట్ట మీది నుంచే చూపిస్తున్నాం.

పెద్దాయనకు చెప్పి వెళ్లడం మర్యాద కోసం మాత్రమే కాదు. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ ఇక్కడి యానాదులను అడిగి పక్షుల స్థానిక పేర్లు, వాటి సంగతులు తెలుసుకున్నారు. నీటి పక్కన బతికేవారి చెవికి కబురు ముందు అందుతుందన్నది ఈ జిల్లాలో కొత్త సంగతి కాదు.

నిన్న రాత్రి తొమ్మిది దాటాక పెద్దాయన ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా ఫోనును చెరువు వైపు పట్టారు. గాలి హోరులో రెండుసార్లు, ఒకదాని వెనుక ఒకటి, ఆ అరుపు వినిపించింది.