టక్ అంటుంది, తిరగదు

సెల్ఫ్ బటన్ నొక్కితే పక్క డబ్బా లోపలి నుంచి ‘టక్’మని ఒక చప్పుడు వస్తుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు. బండి ఇలా మొండికేసినప్పుడు మన దగ్గర ఎవరిని అడిగినా ఒకటే మాట: బ్యాటరీ పోయింది, మార్చేయండి. పక్కింటాయన అదే అన్నారు, పెట్రోలు బంకు కుర్రాడు అదే అన్నాడు, మా బావమరిది ఫోనులోనే తేల్చేశాడు. డబ్బు పెడితే వెంటనే దొరికేదీ, సులువుగా మారేదీ అదే కాబట్టి నింద కూడా దాని మీదే పడుతుంది.

నాది 2007 మోడల్, 150 సీసీ బండి. కార్బురేటర్‌తో నడిచేది. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. ఇన్నేళ్లు నడిచిన బండిలో అరిగే వస్తువు అరిగింది, అంతే. కిక్కు కూడా ఉంది, కొడితే లేస్తుంది. కానీ యాభై దాటిన నా మోకాలికి ఆ వ్యవహారం బొత్తిగా గిట్టడం లేదు. పైగా నేను తెనాలి దగ్గర ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. తెల్లవారుజామున వీధిలో బండిని కిక్కు కొడుతూ నిలబడితే, “ఊరందరికీ కరెంటు ఇస్తారు, మీ బండికి మాత్రం ఉండదు” అని మా ఆవిడ గుమ్మంలోంచి అంటుంది. కాదనడానికి లేదు.

మా ఉద్యోగంలో మొదట ఒంటబట్టే సంగతి ఒకటుంది. వోల్టేజీ ఉందా లేదా అని చూడటం వేరు, లోడు పడ్డాక అది నిలబడుతుందా అని చూడటం వేరు. మెకానిక్ మీటరు పెట్టి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోందని తనే చెప్పి, అయినా లోపల దమ్ము లేదు, మార్చాలి అన్నాడు. ఒక్కోసారి అది నిజమే అవుతుంది. అయితే ఆ దమ్ము సంగతి తేలాలంటే బటన్ నొక్కి ఉంచి చూడాలి కదా! నొక్కకుండానే తీర్పు ఎలా చెబుతాం?

అందుకని సెలవు రోజున అరుగు మీద కూర్చుని నేనే మొదలుపెట్టాను. కావలసింది ఒక మామూలు మల్టీమీటర్, బటన్ నొక్కడానికి ఇంకో మనిషి. మా అబ్బాయి దొరికాడు. బండి న్యూట్రల్‌లో ఉంది. మీటరు రెండు పుల్లలూ బ్యాటరీ రెండు కొసలకూ ఆనించి నొక్కమన్నాను. ‘టక్’ వినిపించింది. 12.6 కాస్తా 12.5 అయింది, అక్కడే నిలిచింది. మీటరు లేనివాళ్లు న్యూట్రల్ దీపాన్ని చూసినా సరిపోతుంది. మా తరం బండ్లలో చాలావాటికి హెడ్‌లైటు ఇంజన్ నడిస్తేనే వెలుగుతుంది కాబట్టి దాన్ని నమ్ముకోకూడదు. నొక్కగానే దీపం బాగా మసకబారితే బ్యాటరీ డీలా పడిందనో, ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ మోటారు ఎక్కడో పట్టేసిందనో అనుకోవచ్చు. దీపం ఏమాత్రం చలించకపోతే అసలు కరెంటు మోటారులో నుంచి పారడమే లేదన్నమాట. బ్యాటరీ నిర్దోషి. అది ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది, పుచ్చుకునేవాడే లేడు.

ఈ నింద ఇవాళ్టిది కాదులెండి. కార్లలో సెల్ఫ్ స్టార్టర్ 1912 కాడిలాక్‌తో వచ్చింది, చార్లెస్ కెటరింగ్ పుణ్యమా అని. రెండేళ్లకే, 1914లో, అమెరికాలోని ఇండియన్ కంపెనీ హెండీ స్పెషల్ అనే మోటార్‌సైకిల్‌కు కూడా అది పెట్టింది. ఆనాటి బ్యాటరీలు ఆ భారం మోయలేకపోవడంతో బండి ఎక్కువ కాలం నిలవలేదు. అప్పుడు తప్పు నిజంగానే బ్యాటరీది. నూరేళ్లు దాటినా ఆ చెడ్డపేరు మాత్రం దాన్ని వదల్లేదు.

సరే, అసలు పనికి వద్దాం. బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే లావు వైరు దారిలో రిలే అనే స్విచ్చు ఉంటుంది. ‘టక్’మనేది అదే. చప్పుడు వచ్చినంత మాత్రాన లోపలి పాయింట్లు బాగా కలుస్తున్నాయని అర్థం కాదు. రిలే మీదున్న రెండు లావు బోల్టులకు మీటరు పెట్టి నొక్కిస్తే సున్నాకు దగ్గరగా చూపించాలి. పన్నెండు చూపిస్తే రిలే పాయింట్లు కాలిపోయినట్టే. నాది సున్నాకు దగ్గరగానే వచ్చింది. తర్వాత మోటారు మీది నట్టుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య చూశాను. నొక్కితే పన్నెండు పైన ఉంది. అంటే మోటారు గుమ్మం దాకా వోల్టేజీ వచ్చి ఆగింది. చివరగా మోటారు బాడీకీ నెగటివ్‌కూ మధ్య చూస్తే సున్నా, అంటే ఎర్త్ దారి తెగిపోలేదు. అయినా ఆ బోల్టు విప్పి తుప్పు గీకాను. కరెంటు పారనప్పుడు సున్నా చూపించిన ఎర్త్, లోడు పడ్డాక కూడా అలాగే ఉంటుందని హామీ లేదు. ఈ మోటార్లు పదుల ఆంపియర్లు లాగుతాయి. తుప్పు వల్ల ఒక ఓమ్‌లో ఇరవయ్యో వంతు నిరోధం చేరినా, 50 ఆంపియర్ల దగ్గర రెండున్నర వోల్టులు అక్కడే హరించుకుపోతాయి.

ఇక మిగిలింది మోటారు లోపలి భాగం. అబ్బాయి బటన్ నొక్కి ఉంచగా పానా పిడితో మోటారు మీద మెల్లగా రెండు దెబ్బలు వేశాను. గిర్రున తిరిగింది! మళ్లీ నొక్కితే తిరగలేదు. దెబ్బకు కదిలిందంటే లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్ ఇరుక్కుపోయిందని దాదాపు ఖాయం. మోటారు మొత్తం మార్చాలని ఇంకొకాయన ఇచ్చిన సలహాను అక్కడే పక్కన పెట్టేశాను. కొత్త మోటారుకు వేలు పోయాలి, బ్రష్‌లకు వందలు చాలు.

విప్పేటప్పుడు ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి. అది తీశాక పానా పొరపాటున ఛాసిస్‌కు తగిలినా నిప్పురవ్వలు రావు. మోటారు మీది వైరు నట్టు విప్పేటప్పుడు దాని కిందున్న నట్టును ఇంకో పానాతో పట్టుకోవాలి. లేకపోతే బోల్టు మొత్తం తిరిగి లోపలి ఇన్సులేషన్ చిట్లుతుంది. ఇంజన్‌కు బిగించిన రెండు బోల్టులు తీస్తే మోటారు చేతిలోకి వస్తుంది. మూత తెరిచే ముందు మూత మీదుగా బాడీ మీదికి మార్కరుతో ఒక గీత గీసుకోండి. మళ్లీ ఏ వైపు పెట్టాలో ఆ గీతే చెబుతుంది. ఇరుసు కొసల్లో కాగితం మందాన వాషర్లు ఉంటాయి. అవి నూనెకు మూతకే అతుక్కుని ఉండి, మనం చూడనప్పుడు కింద పడతాయి. ఏ వైపువి ఆ వైపే వరుసగా ఒక పళ్లెంలో పెట్టుకోవాలి.

లోపల చూస్తే రోగం కళ్లకు కట్టింది. ఇరుసు దగ్గరి ఆయిల్ సీలు గట్టిపడి ఇంజన్ ఆయిల్ లోపలికి ఊరింది. బ్రష్‌లు అరిగి రాలిన కార్బన్ పొడి ఆ నూనెతో కలిసి అచ్చం ఇంట్లో పట్టిన కాటుకలా అయి, బ్రష్ గూట్లో పేరుకుపోయింది. ఒక బ్రష్ అందులో కూరుకుపోయి, వెనక స్ప్రింగు తోస్తున్నా ముందుకు రావడం లేదు. రెండు బ్రష్‌లూ సగానికి పైగా అరిగాయి. ఆ బ్రష్‌లు ఆనే కమ్యుటేటర్ మీది రాగి పలకలు నల్లబడ్డాయి.

పెట్రోలుతో కడిగి, ఆరాక రాగిని సన్నటి గరుకు కాగితంతో రుద్దాను. ఎమెరీ గుడ్డ వాడకండి, దాని రజను పలకల మధ్య దిగి కరెంటుకు అడ్డదారి చూపిస్తుంది. ఆ సందుల్లో కరెంటును ఆపే మైకా రాగి కంటే కాస్త లోతుగా ఉండాలి. విరిగిన హాక్సా బ్లేడు ముక్కతో ఒక్కో సందునూ గీకాను. కళ్లద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చేయవలసిన పని, కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే. తర్వాత మీటరుతో పలకకూ పలకకూ మధ్య కనెక్షన్ ఉందనీ, ఏ పలకకూ ఇరుసుతో కనెక్షన్ లేదనీ చూసుకున్నాను. ఆర్మేచర్, అంటే లోపల తిరిగే భాగం, బాగుంది.

ఒక బ్రష్‌కు స్క్రూ ఉంది, నేనే మార్చేశాను. రెండోదాని జడవైరు, అంటే సన్నటి తీగల అల్లిక, బ్రష్‌లు కూర్చునే ప్లేటుకు అతికి ఉంది. నా దగ్గరున్న చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు ఆ ప్లేటు వేడెక్కదు. అందుకని విజయవాడ ఆటోనగర్‌లో స్టార్టర్లు, డైనమోలు బాగుచేసే ఒక చిన్న కొట్టుకు వెళ్లాను. పెద్దాయన ప్లేటును వెలుతురుకు తిప్పి చూశారు.

“ప్లేటు ఒక్కటే తెచ్చారు, ఆర్మేచర్ ఏదండీ?”

“శుభ్రం చేసి ఇంట్లో పెట్టానండీ. మైకా కూడా గీకాను.”

“అయితే మా పని మీరే చేసుకొచ్చారన్నమాట” అని నవ్వి, లావు ఐరన్ అందుకున్నారు.

ఆయన పని నేర్పు చూసి తీరాలి. అతికించే ముందు జడవైరును బ్రష్‌కు దగ్గరగా ముక్కు పటకారుతో గట్టిగా పట్టుకున్నారు. ఎందుకని అడిగాను. “సీసం వేడికి జడ పొడుగునా పాకుతుందండీ. పాకితే జడ కర్రలా బిగుసుకుంటుంది, ఇక బ్రష్ కదలదు. పటకారు వేడిని లాగేసి అక్కడే ఆపుతుంది.” చుక్క సీసం పడింది, ప్లేటు దగ్గర మెరిసి ఆగిపోయింది, పైన జడ మెత్తగానే ఉంది. ఎన్నో ఏళ్లుగా జాయింట్ల మధ్య బతుకుతున్నాను, ఈ చిట్కా నాకెవరూ చెప్పలేదు. డబ్బులిస్తుంటే, “సీలు కూడా మార్చండి, లేకపోతే మళ్లీ వస్తారు” అన్నారు. అప్పటికే కొని జేబులో వేసుకున్నాను.

బిగించడం చకచకా అయిపోయింది. రబ్బరు ఓరింగ్‌కు కాస్త నూనె రాసి, గీతకు గీత కలిపి, బ్యాటరీకి నెగటివ్ చివర్లో తగిలించాను. బటన్ నొక్కితే ఇంజన్ వెంటనే అందుకుంది. ప్లగ్ క్యాప్ ఊడదీసి, మోటారు తిరుగుతుండగా మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ వోల్టేజీ పదిన్నర పైనే నిలిచింది. మారుస్తానన్న బ్యాటరీ ఇదే. అదే బ్యాటరీ ఇప్పటికీ నడుస్తోంది.

బటన్ నొక్కితే మోటారు గిర్రున తిరుగుతున్నా ఇంజన్ కదలకపోతే మాత్రం ఈ పోస్టు మీకు పనికిరాదు. అది మాగ్నెట్ వెనక ఉండే వన్‌వే క్లచ్ రోగం. దానికి ఇంజన్ పక్క మూత తీయాలి, మాగ్నెట్‌ను ఊడలాగే పుల్లర్ కావాలి. ఆ పుల్లర్ నా దగ్గర లేదు, మా ఆవిడ కొననివ్వదు కూడా.